కొత్త పాస్‌పోర్టు వచ్చింది సరే, వీసా సంగతేమిటి?

పాస్‌పోర్టు గడువు ఇంకో ఎనిమిది నెలల్లో ముగుస్తుంది. రెసిడెన్స్ వీసాకు మాత్రం ఇంకా రెండేళ్లుంది. పరాయి దేశంలో ఉద్యోగమో చదువో చేసుకుంటున్నవాళ్లకు ఈ పరిస్థితి ఒకసారి కాకపోతే ఒకసారి వచ్చి తీరుతుంది. ఆ రెండు తేదీలనూ నిర్ణయించేది రెండు వేర్వేరు ప్రభుత్వాలు మరి. పాస్‌పోర్టు ఇచ్చేది సొంత దేశం, దాన్ని చూసి ఉండనిచ్చేది ఇంకో దేశం. చాలా దేశాలు పెద్దవాళ్లకు పదేళ్లకు, పిల్లలకు ఐదేళ్లకు పాస్‌పోర్టు ఇస్తాయి. నివాస అనుమతి ఒకచోట ఏడాది, ఒకచోట రెండేళ్లు, ఇంకోచోట ఐదేళ్లు. ఈ లెక్కలన్నీ ఒకే రోజున ముగియాలంటే అదృష్టం గట్టిగా కలిసి రావాలి.

కొత్త పాస్‌పోర్టు తీసుకోవడంలో పెద్ద కష్టమేమీ లేదు. దరఖాస్తు, ఫొటో, ఫీజు, నిరీక్షణ. చిక్కంతా అది చేతికొచ్చిన తర్వాతే. చాలా దేశాల పాస్‌పోర్టులకు ప్రతిసారీ కొత్త నంబరే వస్తుంది. వీసా మాత్రం పాత నంబరు మీద ఉంటుంది. ఇప్పుడేం చేయాలని అనుభవం ఉన్న ముగ్గురిని అడిగి చూడండి. ఒకరు ‘ఏమీ చేయనక్కర్లేదు, రెండు పాస్‌పోర్టులూ పట్టుకుని తిరిగితే చాలు’ అంటారు. ఇంకొకరు ‘ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి ముద్రలన్నీ కొత్తదాంట్లోకి మార్పించుకోవాలి’ అంటారు. మూడో ఆయన ‘ఫోన్లో నంబరు మారిస్తే అయిపోయింది కదా’ అని తేల్చేస్తారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఎవరు ఉన్న దేశం సంగతి వారు చెబుతున్నారు, అంతే. ఒక దేశపు సలహాను ఇంకో దేశంలో పాటించినప్పుడే కొంప మునుగుతుంది.

అందుకే వీసాను ఎలా మార్చుకోవాలి అని వాకబు చేసేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. నన్ను ఈ దేశంలో ఉండనిస్తున్న అనుమతి ఇప్పుడు ఏ రూపంలో ఉంది? పాస్‌పోర్టు పేజీకి అతికించిన స్టిక్కరా, జేబులో ఉన్న కార్డా, ప్రభుత్వ కంప్యూటర్‌లో ఉన్న రికార్డా? దీనికి జవాబు దొరికితే మిగిలినదంతా దాని వెంటే వస్తుంది. దొరకకపోతే ఎన్ని సలహాలు విన్నా గందరగోళమే.

పేజీకి అతికిన వీసా

పాస్‌పోర్టు తెరిచి ఫొటో ఉన్న పేజీ అడుగు భాగం చూడండి. రెండు వరుసల్లో అక్షరాలు, అంకెలు, మధ్యలో బాణం మొనల్లాంటి గుర్తులు కనిపిస్తాయి. ఒక్కో వరుసలో 44 గళ్లు. ఐక్యరాజ్యసమితికి అనుబంధంగా ఉన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఐసీఏఓ, తన 9303 నంబరు పత్రంలో నిర్దేశించిన నమూనా ఇది. రెండో వరుసలో మొదటి తొమ్మిది గళ్లు పాస్‌పోర్టు నంబరువి. పదో గడిలో ఉండేది సరిచూపు అంకె. నంబరులోని ఒక్కో అక్షరానికి, అంకెకు వరుసగా 7, 3, 1 గుణకాలు వేసి, అంతా కూడి, పదితో భాగిస్తే మిగిలే శేషమే ఆ అంకె. యంత్రం ఒక్క అంకె తప్పు చదివినా ఇక్కడ దొరికిపోతుంది. ఆ తర్వాతి గళ్లలో జాతీయత, పుట్టిన తేదీ, లింగం, గడువు తేదీ వరుసగా వస్తాయి.

వీసా స్టిక్కర్ అడుగునా అలాంటి రెండు వరుసలే ఉంటాయి. అక్కడ మొదటి గళ్లలో పాస్‌పోర్టు నంబరు వేయాలా, వీసా నంబరు వేయాలా అన్నది ఇచ్చే దేశం ఇష్టానికి వదిలేశారు. ఏది వేసినా, స్టిక్కర్‌ను ఒక ఫలానా పుస్తకాన్ని చూసి, అందులో అతికించడానికే తయారుచేస్తారు. కాబట్టి దాన్ని ఊడబెరికి కొత్త పుస్తకంలో అతికించుకుందామన్న తెలివి పనికిరాదు. అలా చేస్తే ఆ వీసా చెల్లకుండా పోతుందని అమెరికా విదేశాంగ శాఖ విడిగా హెచ్చరించాల్సి వచ్చిందంటే, ఆ ప్రయత్నం చేసినవాళ్లు ఉన్నారనే అనుకోవాలి.

అమెరికా పద్ధతి ఈ విషయంలో చాలా సులువు. అక్కడ వీసాను కొత్త పాస్‌పోర్టులోకి మార్చడమన్నదే లేదు. పాత పాస్‌పోర్టు గడువు తీరినా, అందులోని వీసాకు గడువుండి, పేజీ పాడవకుండా ఉంటే అది చెల్లుతుంది. రెండు పాస్‌పోర్టులూ కలిపి చూపించాలి. రెండూ ఒకే దేశానివి, ఒకే రకానివి అయి ఉండాలి. విమానాశ్రయంలో అధికారి కొత్త పాస్‌పోర్టులో ముద్ర వేస్తే, పక్కన ‘వీఐఓపీపీ’ అని రాస్తారు. వీసా వేరే పాస్‌పోర్టులో ఉందని దాని భావం. మొత్తం వ్యవహారం ఆ ఐదక్షరాలతో ముగుస్తుంది.

ఇదే మనసులో పెట్టుకుని థాయిలాండ్‌లో కూర్చుంటే మాత్రం కుదరదు. అక్కడ నివాసానికి రుజువులన్నీ పాస్‌పోర్టు పేజీల మీదే ఉంటాయి. మొదటి వీసా, చివరిసారి దేశంలోకి వచ్చినప్పటి ముద్ర, గడువు పొడిగించిన ముద్ర, బయటికి వెళ్లి తిరిగి రావడానికి తీసుకున్న రీఎంట్రీ పర్మిట్. కొత్త పాస్‌పోర్టు రాగానే రెండింటినీ ఇమిగ్రేషన్ కార్యాలయానికి తీసుకెళ్లి ఈ ముద్రలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించుకోవాలి. ఫలానా నంబరు పాస్‌పోర్టుకు బదులుగా ఫలానా నంబరుది జారీ చేశామని ఎంబసీ నుంచి లేఖ కూడా అడుగుతారు. ఇక్కడ చాలామంది తడబడేది రీఎంట్రీ పర్మిట్ దగ్గర. వీసా, పొడిగింపు రెండూ ఎక్కించుకుని ఇంటికి వచ్చేస్తారు. ఆ పర్మిట్ వేరే అనుమతి అని, దాన్ని విడిగా అడిగి మార్పించుకోవాలని గుర్తుండదు. అదే లేకుండా దేశం దాటితే, ఇంకా నెలల గడువున్న పొడిగింపు సైతం అక్కడితో పోతుంది. కార్యాలయం మెట్లు దిగకముందే పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టుకుని ముద్ర ముద్రకూ సరిపోల్చుకోవడం ఉత్తమం. తేదీలో ఒక అంకె తప్పు పడినా అప్పటికప్పుడు దిద్దించుకోవడం తేలిక. నెల తర్వాత వెళ్లి అడిగితే ఆ తప్పు ఎవరిదన్న విచారణ మొదలవుతుంది.

కార్డు చేతిలో ఉన్నవాళ్లు

గల్ఫ్ దేశాలు ఒకప్పుడు స్టిక్కర్ల రాజ్యాలే. ఖతార్ 2015లో, కువైట్ 2019లో, యూఏఈ 2022లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పాయి. ఇప్పుడు అక్కడ నివాసానికి రుజువు ఖతార్ ఐడీ, కువైట్ సివిల్ ఐడీ, ఎమిరేట్స్ ఐడీ. సౌదీ అరేబియాలో ఇకామా అనే నివాస కార్డు ఉండనే ఉంది. కార్డు వచ్చాక పాస్‌పోర్టుతో పనేముందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కార్డు మీద గడువు కనిపిస్తూనే ఉంటుంది, బ్యాంకులో చెల్లుతూనే ఉంటుంది. కార్డు వెనుక ఉన్న ఫైలులో మాత్రం రద్దయిపోయిన పాస్‌పోర్టు నంబరే ఉండిపోతుంది.

ఇందులో రెండు రకాల నంబర్లు ఉన్నాయి. ఎమిరేట్స్ ఐడీ మీద 784తో మొదలయ్యే 15 అంకెల నంబరు మనిషిది. పాస్‌పోర్టు ఎన్నిసార్లు మారినా అది మారదు. సౌదీ ఇకామా మీద 2తో మొదలయ్యే పది అంకెల నంబరు కూడా పాస్‌పోర్టు మారినంత మాత్రాన మారదు. పాస్‌పోర్టు నంబరు పుస్తకానిది. మనిషి నంబరును పాత పుస్తకం నుంచి విప్పి కొత్త పుస్తకానికి ముడి వేయడమే సౌదీలో ఉండేవాళ్లంతా ‘నకల్ మాలూమాత్’ అని పిలుచుకునే పని. సొంత కుటుంబ సభ్యులవైతే స్పాన్సర్‌గా ఉన్న ఉద్యోగి అబ్షర్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలోని తన ఖాతాలో మార్చుకోవచ్చు. ఉద్యోగిది మాత్రం యజమాని తరఫునే జరగాలి. అంటే ప్రభుత్వ కార్యాలయాల పనులు చూసే కంపెనీ ఉద్యోగి, పీఆర్వో, వెంట పడాలి. పీఆర్వోకు కొత్త పాస్‌పోర్టు ఇచ్చేశాను, ఇక ఆయన చూసుకుంటాడు అని వదిలేసినవాళ్లకు అసలు సంగతి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా అడిగినప్పుడు గానీ తెలియదు. అప్పటికి టికెట్ కొనేసి ఉంటారు. పని అయిందని నోటిమాటగా చెబితే సరిపెట్టుకోకుండా, కొత్త నంబరు కనిపించే స్క్రీన్‌షాట్ అడిగి తీసుకోవాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఈ దేశాలన్నిటికీ సరిగ్గా అటు చివర ఉంటుంది జపాన్. అక్కడ దీర్ఘకాలం ఉండే విదేశీయులకు 2012 జూలై 9 నుంచి రెసిడెన్స్ కార్డు ఇస్తున్నారు. దాని మీద పాస్‌పోర్టు నంబరే ఉండదు. పాస్‌పోర్టు మారితే కార్డు మార్చుకోనక్కర్లేదు, ఇమిగ్రేషన్‌కు చెప్పుకోనక్కర్లేదు. కొత్తదాంట్లో పేరో జాతీయతో మారితే మాత్రం చెప్పాలి. 2012కు ముందు పాత పాస్‌పోర్టులోని ముద్రలను కొత్తదాంట్లోకి ఎక్కించుకోవడానికి ఇమిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లాల్సి వచ్చేది. అనుమతి కార్డు మీదికి మారి, దాని మీద పాస్‌పోర్టు నంబరుకు గడి లేకపోవడంతో ఆ శ్రమంతా పోయింది. పక్కనే ఉన్న దక్షిణ కొరియా దారి వేరు. రెసిడెన్స్ కార్డు అక్కడా ఉంది, కానీ పాస్‌పోర్టు నంబరో గడువో మారితే 15 రోజుల్లోగా తెలియజేయాలన్నది చట్టం. ఆలస్యమైతే జరిమానా. రెండు దేశాల్లోనూ ఉద్యోగం చేసినవాళ్లు ఈ తేడా దగ్గరే దొరికిపోతుంటారు.

కార్డు గడువుకూ హక్కు గడువుకూ ముడిపెట్టి కంగారు పడేవాళ్లూ ఉన్నారు. జర్మనీలో నిరవధిక నివాస హక్కు వచ్చినవాళ్ల కార్డు మీదా ఒక ముగింపు తేదీ ఉంటుంది. ముగిసేది కార్డు, హక్కు యథాతథం. కొత్త పాస్‌పోర్టుతో వెళ్లి కొత్త కార్డు తీసుకోవడమే మిగిలిన పని. అయితే హక్కు ఉంటే చాలు, రుజువు లేకపోయినా నడుస్తుందిలే అనుకోవడం కూడా పొరపాటే. బ్రిటన్‌లో విండ్‌రష్ తరం వాళ్లకు జరిగింది అదే. 1973 జనవరి 1కి ముందే అక్కడ స్థిరపడిన కామన్వెల్త్ దేశాలవాళ్లకు చట్టప్రకారం ఉండే హక్కు ఉంది. చాలామంది చేతిలో మాత్రం దాన్ని చూపే కాగితం లేదు. వాళ్ల రాకకు ఆధారంగా నిలవగలిగిన పాత ల్యాండింగ్ కార్డులను 2010లో హోం శాఖే ధ్వంసం చేసింది. ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లు, వైద్యం అందనివాళ్లు, నిర్బంధానికి గురైనవాళ్లు, దేశం నుంచి పంపేసినవాళ్లు ఉన్నారు. 2018లో ఈ వ్యవహారం బయటపడ్డాక హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. వీసా బదిలీకి, దీనికి పోలిక దూరంగానే అనిపించవచ్చు. మూలం మాత్రం ఒకటే. అనుమతి మనిషిదే అయినా, అవతలివాళ్లకు కనిపించేది రుజువు ఒక్కటే.

కంప్యూటర్‌లో మాత్రమే ఉన్న అనుమతి

ఆస్ట్రేలియా 2015 సెప్టెంబరు 1 నుంచి వీసా స్టిక్కర్లు వేయడం పూర్తిగా మానేసింది. వీసా ఉందో లేదో తెలియాలంటే వీవో అనే ప్రభుత్వ వ్యవస్థలో పాస్‌పోర్టు వివరాలతో వెతకాలి. అంటే ఆ వీసాకు తాళంచెవి పాస్‌పోర్టు నంబరే. కొత్త పాస్‌పోర్టు వచ్చాక ఇమ్మీఅకౌంట్ అనే ఆన్‌లైన్ ఖాతాలోనో, 929 నంబరు ఫారం ద్వారానో ఆ సంగతి తెలపాలి. తెలపకపోతే వీసా రద్దు కాదు, కానీ ఎవరికీ కనిపించదు. విమానం ఎక్కే దగ్గర అదీ ఇదీ ఒకటే.

బ్రిటన్ కూడా అదే బాట పట్టింది. అక్కడ నివాస అనుమతికి ఆనవాలుగా ఉన్న బీఆర్‌పీ కార్డుల్లో అత్యధిక భాగానికి 2024 డిసెంబరు 31 గడువుగా వేసి, వాటి స్థానంలో ఈ-వీసా తెచ్చారు. ప్రతి ఒక్కరికీ అక్కడి వీసా విభాగమైన యూకేవీఐలో ఆన్‌లైన్ ఖాతా ఉండాలి, అందులో ప్రస్తుత పాస్‌పోర్టు వివరాలు ఉండాలి. పాస్‌పోర్టు మారితే ఖాతాలో మార్చుకోవాలి, దానికి ఫీజు లేదు. ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పని. అయినా ఇబ్బంది పడుతున్నవాళ్లు తక్కువేమీ కాదు. ఖాతా తెరిచినప్పుడు వాడిన ఈమెయిల్ ఇప్పుడు తెరుచుకోదు, అప్పటి ఫోను నంబరు వేరే దేశానిది, దాని సిమ్ ఎప్పుడో పోయింది. లాగిన్ కోడ్ వచ్చేది ఆ నంబరుకే. కాగితాల కాలంలో పాత పాస్‌పోర్టును భద్రంగా దాచుకునేవాళ్లు, ఇప్పుడు పాత ఈమెయిల్‌ను కూడా అంత భద్రంగానే కాపాడుకోవాలి.

దశాబ్దాల కిందట పాస్‌పోర్టు పేజీ మీద సిరా ముద్రతో శాశ్వత నివాసం పొందినవాళ్లు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నారు. ముద్ర ఉన్న పాస్‌పోర్టు గడువు తీరినా హక్కు పోలేదు. దాన్ని ఈ-వీసాగా మార్పించుకోవడానికి ‘నో టైమ్ లిమిట్’ అనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇందులో కొంత కాలం, కొంత పాత కాగితాల వెతుకులాట తప్పవు. ప్రయాణం పెట్టుకున్న తర్వాత మొదలుపెట్టాల్సిన పని కాదు.

అడ్డు తగిలేది ఎక్కడ

ఇమిగ్రేషన్ అధికారి గురించి అందరూ భయపడతారు. నిజానికి తొలి పరీక్ష పెట్టేది ఆయన కాదు, విమాన సంస్థ చెక్-ఇన్ కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే అనేక దేశాలు విమాన సంస్థకు జరిమానా వేస్తాయి, వెనక్కి తెచ్చే బాధ్యతా దానిదే. అందుకే ఆ ఉద్యోగి ఏ దేశానికి ఏ పత్రం కావాలో ‘టిమాటిక్’ అనే డేటాబేస్‌లో చూసుకుంటారు. ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాలకైతే ప్రయాణికుడి పాస్‌పోర్టు వివరాలు అక్కడి ప్రభుత్వ వ్యవస్థకు నేరుగా వెళ్తాయి. ఎక్కించుకోవచ్చా లేదా అని క్షణాల్లో జవాబు తిరిగి వస్తుంది.

ఆ క్షణాన్ని ఊహించుకోండి. మీరు కొత్త పాస్‌పోర్టు ఇస్తారు. యంత్రం ఇందాకటి 44 గళ్ల వరుసలు చదువుతుంది. ఆ నంబరు మీద అనుమతేదీ లేదని జవాబు వస్తుంది. ‘నా వీసా పాత నంబరు మీద ఉంది’ అని మీరంటారు. ఆ ఉద్యోగికి వీసా చట్టం తెలియాల్సిన పని లేదు, తెర మీద ఏముందో అదే ప్రమాణం. పాత పాస్‌పోర్టు కూడా చేతిలో ఉంటే దాన్ని స్కాన్ చేసి చూడవచ్చు, పై అధికారిని పిలవవచ్చు, గమ్యదేశపు అధికారులకు ఫోను చేయవచ్చు. అది ఇంట్లో బీరువాలో ఉండిపోతే మాట్లాడటానికి ఇంకేమీ మిగలదు. అన్నీ మార్పించుకున్నాక కూడా మొదటి ఒకటి రెండు ప్రయాణాల్లో పాత పాస్‌పోర్టు వెంట ఉంచుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. ఒక శాఖ రికార్డు మారినా ఇంకో శాఖ రికార్డు మారడానికి కాస్త వ్యవధి పట్టవచ్చు.

ఇక్కడే మరో సంగతి. కొత్త పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు పాతదాన్ని రద్దు చేస్తారు. మూల కత్తిరిస్తారు, లేదా చిల్లులు పొడుస్తారు, లేదా రద్దు ముద్ర కొడతారు. పుస్తకం రద్దు కావడం, అందులోని వీసా రద్దు కావడం వేర్వేరు. అయితే ఆ కత్తెర వీసా పేజీని తాకితే, పేజీ పాడైందన్న కారణంతో వీసాయే వివాదంలో పడుతుంది. పాస్‌పోర్టు తిరిగి ఇవ్వండి, ఇందులో చెల్లుబాటయ్యే వీసా ఉంది, ఆ పేజీ జోలికి పోకండి అని కాన్సులేట్ కౌంటర్ దగ్గరే చెప్పాలి. దరఖాస్తులో ఆ గడి ఉంటే నింపాలి. కొన్ని దేశాల పాస్‌పోర్టుల్లో పాత నంబరు, అది ఎప్పుడు ఎక్కడ జారీ అయిందీ కొత్తదాంట్లోనే ముద్రిస్తారు. భారతీయ పాస్‌పోర్టు చివరి పేజీలో ఈ వరుస ఉంటుంది. రెండు పుస్తకాలూ ఒకే మనిషివని చెప్పడానికి అంతకంటే గట్టి ఆధారం ఉండదు. కొత్తది అందుకోగానే ఆ అంకెలు సరిగా పడ్డాయో లేదో చూసుకోవాలి.

ముందు ఏది, తర్వాత ఏది

వీసా, పాస్‌పోర్టు రెండూ దాదాపు ఒకేసారి ముగియబోతుంటే ముందు పాస్‌పోర్టు మార్చుకోవడమే మేలు. ఎందుకంటే చాలా దేశాలు పాస్‌పోర్టు గడువును దాటి నివాస అనుమతి ఇవ్వవు. కెనడాలో వర్క్ పర్మిట్‌కు మూడేళ్ల అర్హత ఉన్నా, పాస్‌పోర్టు ఏడాదిలో ముగిసేట్లయితే పర్మిట్ కూడా సాధారణంగా ఏడాదికే వస్తుంది. మిగిలిన రెండేళ్లకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు.

అమెరికాలో ఇదే లెక్క ఇంకో రూపంలో, ఇంకా ప్రమాదకరంగా ఉంటుంది. అక్కడ వీసా దేశం లోపలికి రావడానికి మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. హెచ్-1బీ ఆమోద పత్రంలో మూడేళ్లున్నా, పాస్‌పోర్టుకు ఏడాదే మిగిలి ఉంటే అధికారి ఐ-94లో పాస్‌పోర్టు ముగిసే తేదీనే వేయవచ్చు. తర్వాత కొత్త పాస్‌పోర్టు తీసుకుంటారు, ఇక ఫరవాలేదు అనుకుంటారు. ఐ-94 తేదీ తనంతట తాను ముందుకు జరగదు. గడువులోగా పొడిగింపుకు దరఖాస్తు చేయాలి, లేదా కొత్త పాస్‌పోర్టుతో దేశం దాటి తిరిగి రావాలి. చేతిలో ఉన్న ఆమోద పత్రం తేదీని చూసుకుంటూ నెలల తరబడి అక్రమ నివాసంలో ఉండిపోయే ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. విమానం దిగిన రోజునే వెబ్‌సైట్‌లో ఐ-94 తీసి తేదీ చూసుకోవడం అయిదు నిమిషాల పని.

పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువైనా మిగిలి ఉండాలని అనేక దేశాలు పట్టుబడతాయి కాబట్టి, ఏడాది మిగిలి ఉండగానే కదలడం మంచిది. దరఖాస్తు పెట్టిన తర్వాత పాత పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగాలి. కొన్ని కాన్సులేట్లు దాన్ని వెంటనే తిరిగిస్తాయి, కొన్ని కొత్తది వచ్చేదాకా అట్టిపెట్టుకుంటాయి. ఆ మధ్యలో ఇంట్లో ఆపద వస్తే అత్యవసర ప్రయాణ పత్రం ఇస్తారు. భారత ప్రభుత్వం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ లాంటివి స్వదేశానికి వెళ్లడానికే పనికొస్తాయి. దాని మీద తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరడం కుదరదు. అక్కడ పూర్తి పాస్‌పోర్టు తీసుకుని, నివాస అనుమతిని దానికి ముడిపెట్టుకుంటే గానీ వెనక్కి రాలేరు. యూఏఈలో మామూలు నివాస వీసా ఉన్నవాళ్లు ఆరు నెలలకు మించి బయట ఉంటే అది చెల్లకుండా పోతుంది. సెలవులో వెళ్లి సొంత ఊళ్లో పాస్‌పోర్టు మార్చుకుందామనుకునేవాళ్లు ఈ రెండు గడియారాలనూ చూసుకోవాలి.

పేరు మారితే, పుస్తకమే పోతే

నంబరు ఒక్కటే మారితే అది చిన్న పని. పేరు కూడా మారితే అది వేరే కథ. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారడం, పాత పాస్‌పోర్టులో ఒకే గడిలో ఉన్న పేరును కొత్తదాంట్లో రెండు గళ్లుగా విడదీయడం, ఒక అక్షరం స్పెల్లింగు సరిచేయించడం ఇలాంటివే. ఇమిగ్రేషన్ రికార్డులో ఉన్న మనిషి, కొత్త పాస్‌పోర్టులో ఉన్న మనిషి ఒకరేనని కాగితాలతో నిరూపించాలి. పెళ్లి ధ్రువపత్రం, ప్రమాణపత్రం, ఎంబసీ లేఖ వంటివి అడుగుతారు. కార్డు మళ్లీ ముద్రించాలి. ఎప్పటినుంచో వేధిస్తున్న స్పెల్లింగును పాస్‌పోర్టు మార్చేటప్పుడే దిద్దించుకుందామన్న ఆలోచన సహజమే. కానీ వీసా, ఉద్యోగ ఒప్పందం, బ్యాంకు, డిగ్రీ పత్రాలు అన్నీ పాత స్పెల్లింగులోనే ఉన్నప్పుడు, పరాయి దేశంలో ఉండగా ఆ పని నెత్తికెత్తుకోవడం అంత తెలివైనది కాదని నా అభిప్రాయం.

జాతీయతే మారితే బదిలీ అన్న ప్రసక్తే చాలాచోట్ల ఉండదు. పాత దేశపు పాస్‌పోర్టులో ఉన్న అమెరికా వీసాను కొత్త దేశపు పాస్‌పోర్టుతో కలిపి వాడలేరు. భారతీయ మూలాలున్న విదేశీ పౌరుల ఓసీఐ కార్డుకు మరో పద్ధతి ఉంది. 2021లో సరళం చేసిన నిబంధనల ప్రకారం, 20 ఏళ్లు నిండకముందు కార్డు తీసుకున్నవాళ్లు 20 దాటాక కొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడు ఒకసారి కార్డు మార్పించుకుంటే చాలు. ఇరవై ఏళ్ల లోపు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ, యాభై దాటాక ఒకసారి, పాస్‌పోర్టు నకలును ఫొటోతో పాటు మూడు నెలల్లోగా ఆన్‌లైన్‌లో ఎక్కించాలి.

పాస్‌పోర్టు పోతే పైన చెప్పిన రెండు పుస్తకాల పద్ధతి మొత్తం కూలిపోతుంది, చూపించడానికి పాతదే లేదు కాబట్టి. పోలీసు ఫిర్యాదు మొదటి మెట్టు. పోయినట్టు నమోదు చేసిన పాస్‌పోర్టు వివరాలను దేశాలు ఇంటర్‌పోల్ డేటాబేస్‌కు పంపుతాయి. 2002 నుంచి నడుస్తున్న ఆ జాబితాను సరిహద్దుల్లో, విమానాశ్రయాల్లో చూస్తారు. కాబట్టి ఫిర్యాదు చేసిన వారం తర్వాత పాస్‌పోర్టు సోఫా సందులో దొరికినా, దాన్ని మళ్లీ వాడాలని చూడకూడదు. కనబడలేదనగానే ఫిర్యాదుకు పరుగెత్తకుండా ముందు ఇల్లంతా గాలించమనడం అందుకే. అమెరికా వీసా ఉన్న పాస్‌పోర్టు పోయిందని తెలియజేస్తే ఆ వీసా పోయినట్టే. దేశం లోపల దానికి బదులు ఇవ్వరు, బయట కాన్సులేట్‌లో మళ్లీ దరఖాస్తు చేయాలి. లోపల ఉండే హక్కుకు మాత్రం దాంతో భంగం రాదు. ముద్రలు పేజీల మీదే ఉండే దేశాల్లో వీసా పేజీ, చివరి ప్రవేశ ముద్ర ఉన్న పేజీ జిరాక్సులు ఈమెయిల్‌లో ఉంటే పని సగం అయినట్టే. లేకపోతే ఫలానా తేదీన ఫలానా విమానంలో వచ్చామని మన రికార్డును వాళ్ల రికార్డులో వెతికించుకుంటూ తిరగాలి.

కుటుంబం వెంట ఉన్నవాళ్లకు ఈ పని ఒకసారితో తెమలదు. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే ముగుస్తాయి, అదీ ఒక్కొక్కరిది ఒక్కో ఏడాది. స్పాన్సర్ పద్ధతి ఉన్న దేశాల్లో తల్లి లేదా తండ్రి పాస్‌పోర్టు నంబరు పిల్లల ఫైళ్లలోనూ ఉండవచ్చు. పెద్దవాళ్లది మారినప్పుడు తమది సరిచేయించుకుని, పిల్లల ఫైళ్ల సంగతి మరిచిపోవడం తరచూ జరిగేదే. స్కూలు సెలవుల ముందు ఇమిగ్రేషన్ కార్యాలయాల్లో కనిపించే రద్దీలో ఇలాంటివాళ్లూ ఉంటారు. కుటుంబ సభ్యుల రికార్డులు ఒక్కొక్కటీ తెరిచి, ప్రతిదాంట్లోనూ కొత్త నంబరు ఉందని కళ్లారా చూసుకున్నాకే టికెట్లు కొనాలి.